పాత కాటా సాఫ్ట్‌వేర్, కొత్త కంప్యూటర్: వర్చువల్ మెషీన్‌కి యూఎస్‌బీ సీరియల్ కేబుల్ కలిపే పద్ధతి

యూఎస్‌బీ సీరియల్ కేబుల్‌ని వర్చువల్ మెషీన్‌లోకి, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే ఇంకో కంప్యూటర్‌లోకి, తీసుకెళ్లడానికి రెండు దారులున్నాయి. అసలు కంప్యూటర్‌ని హోస్ట్ అనీ, లోపలిదాన్ని గెస్ట్ అనీ అంటారు. ఒకటి, డివైస్‌ని హోస్ట్ దగ్గరే ఉంచుకుని, దాని సీరియల్ పోర్టును మాత్రమే గెస్ట్‌కి అందించడం. రెండోది, ఆ యూఎస్‌బీ డివైస్‌ని ఉన్నదున్నట్టుగా గెస్ట్ చేతికి ఇచ్చేయడం. ఎవరిని అడిగినా రెండో దారే చెబుతారు. నేను చేసే పనిలో ఎక్కువగా నిలబడేది మొదటిది. ఏ పరికరానికి ఏ దారి అన్నది ముందే తేల్చుకుంటే సగం తలనొప్పి పోతుంది, అందుకే ఇది రాస్తున్నాను.

నేను తాడేపల్లిగూడెం చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో కాటాలకీ, కంట్రోల్ ప్యానెళ్లకీ సర్వీసు చేస్తాను. చాలా మిల్లుల్లో లారీ కాటా సాఫ్ట్‌వేర్ విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో రాసింది. రాసినవాళ్లు ఇప్పుడు దొరకరు. ఆ ప్రోగ్రాంకి కామ్ 1, కామ్ 2 తప్ప ఇంకో పోర్టు తెలియదు. పాత కంప్యూటర్ మదర్‌బోర్డు పోయి కొత్తది కొంటే దాని వెనక తొమ్మిది పిన్నుల పోర్టే ఉండదు, పైగా అందులో విండోస్ 11. సార్వా ధాన్యం లారీలు గేటు బయట వరస కట్టి ఉంటాయి. గుమస్తాగారు ఫోన్ చేసి, "ఏవండీ, బరువు కంప్యూటర్లో పడట్లేదండీ, చీటీలు చేత్తో రాస్తున్నామండీ" అంటారు. అలాంటి చోట కొత్త కంప్యూటర్లో వర్చువల్‌బాక్స్ వేసి, అందులో పాత విండోస్‌ని, పాత సాఫ్ట్‌వేర్‌ని బతికించి, కాటా ఇండికేటర్‌ని (బరువు అంకెల్లో చూపించే పెట్టెని) కేబుల్‌తో కలపాలి. మీ దగ్గర కాటా బదులు ఎనర్జీ మీటరో, పీఎల్‌సీయో, ఆర్డుయినో బోర్డో ఉండొచ్చు. పద్ధతి ఇదే.

ముందు హోస్ట్‌లో పని చేస్తోందా

గెస్ట్ జోలికి వెళ్లకముందే హోస్ట్‌లో కేబుల్ బాగుందని రుజువు కావాలి. ఈ మెట్టు దాటేసి గెస్ట్‌లో గంటలు గంటలు వెతికేవాళ్లని చూస్తుంటాను. చివరికి తేలేది కేబుల్ తప్పే.

విండోస్ హోస్ట్ అయితే డివైస్ మేనేజర్ తెరిచి, 'పోర్ట్స్' కింద కొత్త కామ్ నంబరు వచ్చిందా చూడండి. లినక్స్ అయితే కేబుల్ పెట్టి 'డీమెసేజ్' (dmesg) కమాండు కొట్టండి, చివరి లైన్లలో 'టీటీవైయూఎస్‌బీ0' అనో 'టీటీవైఏసీఎం0' అనో పేరు కనిపిస్తుంది. 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' కొడితే చిప్ ఐడీ తెలుస్తుంది. ఆ ఐడీ రాసిపెట్టుకోండి, తర్వాత కావాలి. మన బజార్లో దొరికే కేబుళ్లలో, బోర్డుల్లో ఎక్కువగా తగిలేవి నాలుగే. ఎఫ్‌టీడీఐ ఎఫ్‌టీ232 చిప్‌కి 0403:6001. సీహెచ్340కి 1ఏ86:7523. సీపీ2102కి 10సీ4:ఈఏ60. ప్రొలిఫిక్ పీఎల్2303కి 067బీ:2303. బోర్డు పెట్టినా ఎల్ఎస్‌యూఎస్‌బీలో కొత్త లైను ఏదీ రాకపోతే ముందు వైరు మార్చి చూడండి. ఫోన్ చార్జర్‌తో వచ్చే చవక వైర్లలో డేటా తీగలే లేనివి ఉంటాయి.

ఇప్పుడు అసలు పరీక్ష. కేబుల్ రెండో చివర తొమ్మిది పిన్నుల కనెక్టర్ ఉంటుంది కదా, పిన్నుల పక్కనే చిన్న అంకెలు అచ్చువేసి ఉంటాయి, వెలుతురులో పట్టుకుని చూడండి. 2వ పిన్ను డేటా తీసుకునేది, 3వ పిన్ను పంపేది. సన్న రాగి తీగ పోగు ఒకటి తీసుకుని ఆ రెండు పిన్నులకీ చుట్టండి, పక్క పిన్నుకి తగలకూడదు. సీరియల్ పోర్టుతో మాట్లాడే పుట్టీ అనే ప్రోగ్రాం తెరిచి, సీరియల్ ఎంచుకుని, పోర్టు నంబరు ఇచ్చి, స్పీడు 9600 పెట్టి, ఫ్లో కంట్రోల్‌ని 'నన్' చేసి ఓపెన్ నొక్కండి. కీబోర్డు మీద ఏది కొడితే అది తెరమీద కనిపించాలి. తీగ తీసేస్తే కనిపించకూడదు. ఈ రెండూ నిజమైతే కేబుల్, డ్రైవర్, పోర్టు మూడూ బాగున్నట్టే. ఇదే తీగ పరీక్ష తర్వాత గెస్ట్‌లో కూడా చేస్తాం కాబట్టి తీగ పారేయకండి.

తర్వాత ఇండికేటర్‌కి కలిపి పుట్టీలోనే బరువు వస్తోందా చూడండి. కొన్ని ఇండికేటర్లు అడక్కుండానే వరసగా బరువు పంపిస్తూ ఉంటాయి. కొన్ని ప్రింట్ బటన్ నొక్కితేనే పంపిస్తాయి. తెరమీద అంతా పిచ్చి గీతలే వస్తే స్పీడు తప్పు. ఇండికేటర్ మెనూలో 2400 ఉందో 4800 ఉందో 9600 ఉందో చూసి అదే ఇక్కడ పెట్టండి. 0, 3, 5, 6, 9 అంకెలు సరిగ్గా వస్తూ 1, 2, 4, 7, 8 మాత్రం చెడిపోయి వస్తుంటే, స్పీడు సరే, ప్యారిటీ (తప్పు పట్టడానికి ప్రతి అక్షరానికీ చేర్చే బిట్టు) తేడా. ఇండికేటర్ 7 బిట్లు ఈవెన్ ప్యారిటీతో పంపుతోంది, మీరు 8 బిట్లు ప్యారిటీ లేకుండా చదువుతున్నారు. ఆస్కీ కోడులో 0, 3, 5, 6, 9 అంకెలకి ఒకట్ల సంఖ్య సరిసంఖ్య కాబట్టి ప్యారిటీ బిట్టు సున్నాగానే ఉంటుంది, అవి బతికిపోతాయి. మిగతా అయిదింటికీ ఎనిమిదో బిట్టు ఒకటి అయిపోయి అక్షరం మారిపోతుంది. ఈ ఒక్క గుర్తు తెలిస్తే మాన్యువల్ లేని ఇండికేటర్‌ని కూడా దారికి తెచ్చుకోవచ్చు.

పుట్టీ పని అయ్యాక మూసేయండి. ఒక సీరియల్ పోర్టును హోస్ట్‌లో ఒక ప్రోగ్రాం పట్టుకుని ఉండగా వర్చువల్ మెషీన్‌కి అది దొరకదు.

ఏ దారి ఎవరికి

పరికరం ఒకే స్పీడులో ఊరికే అక్షరాలు పంపేదీ, తీసుకునేదీ అయితే పోర్టు మాత్రం ఇచ్చే దారి పట్టండి. కాటా ఇండికేటర్, బార్‌కోడ్ రీడర్, ఎనర్జీ మీటర్, మోడ్‌బస్ (పరికరాలు మాట్లాడుకునే ఒక పద్ధతి) మీద మాట్లాడే మోటారు డ్రైవులు, నెట్‌వర్క్ స్విచ్ కన్సోల్ అన్నీ ఈ కోవలోకే వస్తాయి. గెస్ట్‌కి యూఎస్‌బీ అనేది ఉన్నట్టే తెలియదు, పాతకాలపు కామ్ 1 కనబడుతుంది. డ్రైవర్ అక్కర్లేదు. ఎక్స్‌పీకైనా, ఇంకా పాత డాస్‌కైనా సరిపోతుంది.

పరికరం తనంతట తాను రీసెట్ అయ్యేదైతే, లేదా 115200 కంటే ఎక్కువ స్పీడు కావాలంటే, యూఎస్‌బీనే ఇచ్చేయాలి. వర్చువల్ మెషీన్ చూపించే కామ్ పోర్టు పాత 16550 చిప్‌కి నకలు, దాని హద్దు 115200. ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి ఆర్డుయినో ఐడీఈ (ప్రోగ్రాం రాసి ఎక్కించే సాఫ్ట్‌వేర్) 921600 స్పీడులో ప్రోగ్రాం ఎక్కించాలని చూస్తుంది, అది ఈ పోర్టులో పట్టదు. పరికరం తయారీదారు సొంత యూఎస్‌బీ డ్రైవర్ గెస్ట్‌లో ఉంటేనే నడిచే సాఫ్ట్‌వేర్‌కి కూడా యూఎస్‌బీ ఇవ్వక తప్పదు.

మొదటి దారి: పోర్టు మాత్రమే

వర్చువల్‌బాక్స్‌లో మెషీన్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేయండి. సేవ్ చేసి మూసిన స్థితిలో ఉంటే సెట్టింగులు మార్చనివ్వదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'సీరియల్ పోర్ట్స్' తెరవండి. కొత్త వెర్షన్లలో అది కనిపించకపోతే పైన బేసిక్ బదులు ఎక్స్‌పర్ట్ ఎంచుకోండి. పోర్ట్ 1 టిక్ చేసి, పోర్ట్ నంబరు కామ్ 1 గా ఉంచండి. పోర్ట్ మోడ్‌లో 'హోస్ట్ డివైస్' ఎంచుకోండి. కింద పాత్ గడిలో హోస్ట్‌లో ఆ కేబుల్‌కి ఉన్న పేరు రాయాలి. విండోస్ హోస్ట్‌లో కామ్ 5 అయితే కామ్ 5 అనే, అక్షరాలకీ అంకెకీ మధ్య ఖాళీ లేకుండా. లినక్స్‌లో /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 (/dev/ttyUSB0).

అయితే ఆ పేర్లు నిలకడైనవి కావు. విండోస్‌లో సీహెచ్340 కేబుల్‌ని ఒక యూఎస్‌బీ సాకెట్ నుంచి తీసి ఇంకో దాంట్లో పెడితే కామ్ నంబరు మారిపోతుంది, ఎందుకంటే ఆ చిప్‌లో సీరియల్ నంబరు లేదు, విండోస్ దాన్ని సాకెట్‌ని బట్టే గుర్తుపడుతుంది. ఎఫ్‌టీడీఐ చిప్ కేబుళ్లలో సీరియల్ నంబరు ఉంటుంది, ఏ సాకెట్లో పెట్టినా అదే కామ్ నంబరు వస్తుంది. మిల్లుల్లో కేబుల్ కొనమన్నప్పుడు నేను ఎఫ్‌టీడీఐదే కొనమని పట్టుబట్టేది ఇందుకే. ధర ఎక్కువే, కానీ ఊడ్చే మనిషి వైరు తీసి ఇంకోచోట పెట్టినా కాటా ఆగదు. సీహెచ్340 తప్పదనుకుంటే ఆ సాకెట్ మీద రంగు టేపు అంటించి, కేబుల్‌కీ అదే రంగు టేపు చుట్టండి. నంబరు 10 గానీ, ఆ పైన గానీ వస్తే డివైస్ మేనేజర్‌లో ఆ పోర్టు ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి పదికి లోపు ఖాళీగా ఉన్న నంబరు ఇచ్చేయండి. పది, ఆ పైన నంబర్లకి విండోస్ వేరే రకంగా పేరు రాయమంటుంది, ఆ బాధ మనకెందుకు.

లినక్స్ హోస్ట్‌లో దీనికి చక్కటి మార్గం ఉంది. /డెవ్/సీరియల్/బై-ఐడీ అనే ఫోల్డర్లో ప్రతి కేబుల్‌కీ చిప్ పేరు, సీరియల్ నంబరుతో పొడవాటి పేరుంటుంది. ఆ పేరు మారదు. టీటీవైయూఎస్‌బీ0 బదులు అదే పాత్ గడిలో రాయండి. ఒకే రకం సీహెచ్340 కేబుళ్లు రెండు ఉంటే రెండింటికీ ఒకే పేరు వస్తుంది కాబట్టి అప్పుడు పక్కనున్న బై-పాత్ ఫోల్డర్‌లోది వాడండి, అది సాకెట్‌ని బట్టి ఉంటుంది. లినక్స్‌లో ఇంకో సంగతి: ఆ పోర్టు తెరిచే హక్కు మీ యూజర్‌కి ఉండాలి. ఉబుంటు, డెబియన్‌లలో 'డయలౌట్' గ్రూపులో చేరాలి. సుడోతో 'యూజర్‌మాడ్' కమాండుకి చిన్న ఏ, పెద్ద జీ ఆప్షన్ ఇచ్చి, డయలౌట్ అని, మీ యూజర్ పేరు రాస్తే సరి. తర్వాత లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. టెర్మినల్ మూసి తెరిస్తే చాలదు.

మెషీన్ ఆన్ చేయండి. గెస్ట్ విండోస్‌లో డివైస్ మేనేజర్ చూస్తే కామ్ 1 సిద్ధంగా ఉంటుంది. స్పీడు, ప్యారిటీ వర్చువల్‌బాక్స్‌లో ఎక్కడా పెట్టక్కర్లేదు. గెస్ట్‌లో ప్రోగ్రాం ఏది అడిగితే అదే హోస్ట్ పోర్టుకి చేరుతుంది. గెస్ట్‌లో పుట్టీ పెట్టి మళ్లీ అదే తీగ పరీక్ష చేయండి, తర్వాత ఇండికేటర్ కలపండి. మొదటి లారీ ఎక్కకముందే ఇండికేటర్ మీది అంకె, తెరమీది అంకె ఒకటేనా అని కాటా మీద మనుషుల్ని నిలబెట్టి, దింపి చూడండి.

కేబుల్ పీకేసి ఉంటే ఈ దారిలో మెషీన్ స్టార్టే కాదు, హోస్ట్ పోర్టు తెరవలేకపోయానని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. దీన్ని కొందరు లోపం అంటారు. కాటా గదిలో అది మంచిదే అంటాను నేను. కేబుల్ లేదని ఉదయమే తెలిసిపోతుంది, లారీ ఎక్కాక కాదు.

మిగతా సాఫ్ట్‌వేర్లలో: వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌లో యాడ్ హార్డ్‌వేర్, సీరియల్ పోర్ట్, 'యూజ్ ఫిజికల్ సీరియల్ పోర్ట్'. లినక్స్‌లో వర్ట్-మేనేజర్ వాడేవాళ్లు మెషీన్ ఎక్స్ఎంఎల్‌లో సీరియల్ డివైస్ టైపుని 'డెవ్' చేసి, సోర్స్ పాత్‌లో పైన చెప్పిన బై-ఐడీ పేరు ఇవ్వాలి. విండోస్‌లో వచ్చే వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ హైపర్-వీలో ఈ పని కుదరదు. దాని కామ్ పోర్టులు నేమ్డ్ పైపులకే కలుస్తాయి, అసలు పోర్టుకి కలవవు, యూఎస్‌బీని నేరుగా ఇచ్చే వీలు కూడా లేదు. ఈ పనికి అది ఎంచుకోకండి.

రెండో దారి: యూఎస్‌బీనే ఇచ్చేయడం

మా మేనల్లుడు పాలిటెక్నిక్‌లో చదువుతున్నాడు. వాడి లాప్‌టాప్‌లో విండోస్, లోపల వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు. "మావయ్యా, బోర్డు కనిపిస్తోంది గానీ అప్‌లోడ్ మొదలవగానే తెగిపోతోంది" అన్నాడు. వాడి ఈఎస్‌పీ32కి పోర్టు దారి పనికిరాదు, యూఎస్‌బీనే ఇవ్వాలి. అలా ఇవ్వడానికి వరస ఇది.

ముందు హోస్ట్ లినక్స్ అయితే మీ యూజర్‌ని 'వీబాక్స్‌యూజర్స్' గ్రూపులో చేర్చండి, మళ్లీ లాగిన్ అవ్వండి. ఇది చేయకపోతే డివైసెస్ మెనూలో యూఎస్‌బీ జాబితా ఖాళీగా వస్తుంది. విండోస్ హోస్ట్‌కి ఇది అక్కర్లేదు.

తర్వాత మెషీన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ కంట్రోలర్. గెస్ట్‌ని బట్టి ఎంచుకోవాలి. విండోస్ 7కి యూఎస్‌బీ 3 కంట్రోలర్ డ్రైవర్ పుట్టుకతో లేదు, 2 పెట్టండి. విండోస్ 8 నుంచి, లినక్స్‌లకి 3 పెట్టుకోవచ్చు. పైన చెప్పిన నాలుగు చిప్‌లూ సెకనుకు 12 మెగాబిట్ల రకమే కాబట్టి వేగం కోసం 3 అక్కర్లేదు. వర్చువల్‌బాక్స్ 7 కంటే పాత వెర్షన్లలో 2, 3 కంట్రోలర్లకి ఎక్స్‌టెన్షన్ ప్యాక్ వేయాల్సి వచ్చేది. 7 నుంచి అవి అసలు ప్యాకేజీలోనే ఉన్నాయి.

అదే పేజీలో ఫిల్టర్లు ఉంటాయి. కేబుల్ పెట్టి ఉంచి, ప్లస్ గుర్తున్న బొమ్మ నొక్కి, జాబితాలో దాన్ని ఎంచుకుంటే ఫిల్టర్ తయారవుతుంది. దాన్ని తెరిచి వెండర్ ఐడీ, ప్రోడక్ట్ ఐడీ తప్ప మిగతా గడులన్నీ ఖాళీ చేయండి. పోర్టు, రివిజన్, పేరు గడులు నిండుగా ఉంటే రేపు సాకెట్ మారినా, అదే రకం కొత్త బోర్డు పెట్టినా ఫిల్టర్ పట్టుకోదు. ఇకమీదట మెషీన్ నడుస్తుండగా ఆ కేబుల్ పెడితే నేరుగా గెస్ట్‌కే వెళ్తుంది. హోస్ట్ విండోస్‌లో కామ్ పోర్టు మాయమై, డివైస్ మేనేజర్‌లో వర్చువల్‌బాక్స్ యూఎస్‌బీ అని కనిపిస్తుంది. అది సరైన స్థితే, కంగారు పడకండి. ఒక డివైస్ ఒక సమయంలో హోస్ట్‌కో గెస్ట్‌కో ఒక్కరికే ఉంటుంది.

కొన్ని బోర్డులకి ఒక్క ఫిల్టర్ చాలదు. ఆర్డుయినో లియోనార్డో మామూలుగా 2341:8036 అని పలుకుతుంది. ప్రోగ్రాం ఎక్కించబోయే ముందు బూట్‌లోడర్‌లోకి (కొత్త ప్రోగ్రాం తీసుకునే స్థితిలోకి) వెళ్లి 2341:0036 అయిపోతుంది. యూఎస్‌బీ దృష్టిలో అది వేరే డివైస్. మొదటి ఐడీకే ఫిల్టర్ ఉంటే బోర్డు బూట్‌లోడర్‌గా మారిన క్షణంలో గెస్ట్ నుంచి జారి హోస్ట్‌కి వెళ్లిపోతుంది, అప్‌లోడ్ తెగిపోతుంది. రాస్ప్‌బెర్రీ పై పికో కూడా అంతే: బూట్‌సెల్ బటన్ నొక్కి పెడితే 2ఈ8ఏ:0003, మైక్రోపైథాన్ నడుస్తుంటే 2ఈ8ఏ:0005. ఇలాంటి బోర్డుకి రెండు ఐడీలకీ రెండు ఫిల్టర్లు పెట్టండి. వెండర్ ఐడీ ఒక్కటే ఇచ్చి ప్రోడక్ట్ ఐడీ ఖాళీగా వదిలినా పని జరుగుతుంది. వేరే సీరియల్ చిప్ ఉన్న యూనో, ఈఎస్‌పీ32 బోర్డులకి ఈ ఇబ్బంది లేదు. అక్కడ రీసెట్ అయ్యేది ప్రాసెసర్, చిప్ యూఎస్‌బీ మీద కదలకుండా ఉంటుంది.

గెస్ట్ ఉబుంటు అయితే గెస్ట్‌లో కూడా డయలౌట్ గ్రూపు సంగతి చూడాలి. మా మేనల్లుడికి అదీ సరిచేశాక ఇంకోటి ఎదురైంది. స్నేహితుడి సీహెచ్340 బోర్డు పెడితే డీమెసేజ్‌లో టీటీవైయూఎస్‌బీ0 అని వచ్చి, వెంటనే డిస్‌కనెక్ట్ అయినట్టు చూపిస్తోంది. ఉబుంటు 22.04లో ఇది బాగా తెలిసిన సమస్య. 'బీఆర్ఎల్‌టీటీవై' అనే ప్రోగ్రాం ఆ 1ఏ86:7523 ఐడీని బ్రెయిలీ పరికరం అనుకుని లాగేసుకుంటుంది. డీమెసేజ్‌లో ఆ పేరు కనిపిస్తే గెస్ట్‌లోంచి ఆ ప్యాకేజీ తీసేస్తే బోర్డు నిలబడుతుంది. అది చూపు లేనివాళ్లు వాడే బ్రెయిలీ తెరలని నడిపే ప్రోగ్రాం. ఆ కంప్యూటర్ మీద అలాంటివాళ్లు పనిచేస్తుంటే దాన్ని తీసేయకండి, దాని యూడెవ్ రూల్స్ ఫైలుకి ఈటీసీ కింద నకలు పెట్టి, అందులో ఆ ఒక్క ఐడీ ఉన్న లైను మాత్రం ఆపేయండి. వాళ్ల కంప్యూటర్‌ని మూగబోయేలా చేసి మన బోర్డు నడుపుకోవడం న్యాయం కాదు.

విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం) వాడేవాళ్లకి 'యూఎస్‌బీఐపీడీ-విన్' అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన టెర్మినల్లో ముందు దాని 'లిస్ట్' కమాండుతో బస్ ఐడీ తెలుసుకుని, ఆ ఐడీకి ఒకసారి 'బైండ్', తర్వాత డబ్ల్యూఎస్ఎల్ ఆప్షన్‌తో 'అటాచ్' చేయాలి. బైండ్ గుర్తుంటుంది. అటాచ్ మాత్రం కేబుల్ తీసిపెట్టిన ప్రతిసారీ చేయాలి, లేదా ఆటో-అటాచ్ ఆప్షన్ ఇచ్చి ఆ కిటికీ తెరిచే ఉంచాలి.

రెండు దారులూ ఒకే మెషీన్‌లో

పాత కాటా సాఫ్ట్‌వేర్లకి తరచుగా ఒక లాక్ ఉంటుంది, పెన్‌డ్రైవ్ లాంటి డాంగిల్. అది పెట్టకపోతే ప్రోగ్రాం తెరుచుకోదు. దానికి సీరియల్ పోర్టుతో సంబంధం లేదు, యూఎస్‌బీగానే గెస్ట్‌కి ఇవ్వాలి. కాబట్టి ఇండికేటర్ కేబుల్‌కి మొదటి దారి, డాంగిల్‌కి రెండో దారి. ఫిల్టర్‌లో డాంగిల్ ఐడీ మాత్రమే ఉండాలి. ఏ ఐడీ లేని ఖాళీ ఫిల్టర్ పొరపాటున మిగిలితే అది కనపడిన ప్రతి యూఎస్‌బీనీ గెస్ట్‌లోకి లాగేస్తుంది, అందులో మన సీరియల్ కేబుల్ కూడా ఉంటుంది, అప్పుడు పోర్టు దారి తెగిపోతుంది.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్‌లో ఆగిపోయింది, విండోస్ 7కి 2020 జనవరిలో. ఆ గెస్ట్‌లకి నెట్‌వర్క్ ఇవ్వకండి, సెట్టింగ్స్‌లో అడాప్టర్ టిక్ తీసేయండి. రోజు లెక్కలు బయటికి తీయడానికి గెస్ట్ అడిషన్స్ వేసి షేర్డ్ ఫోల్డర్ పెట్టుకుంటే చాలు, అది నెట్‌వర్క్ లేకుండానే పనిచేస్తుంది. మిల్లు యజమాని కొడుకు వచ్చి "అందులో ఇంటర్నెట్ కూడా పెట్టండి" అని అడిగినా నేను పెట్టను. ఆ కంప్యూటర్లో ఏళ్ల తరబడి రైతుల ధాన్యం లెక్కలుంటాయి.

కనిపిస్తోంది కానీ డేటా రావట్లేదు

గెస్ట్‌కి యూఎస్‌బీ ఇచ్చాక డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు వచ్చి, పీఎల్2303హెచ్ఎక్స్ఏ 2012 నుంచి ఆపేశామని, అమ్మినవాళ్లని అడగమని రాసి కనిపిస్తే, మీ కేబుల్‌లోది పాత చిప్ లేదా దానికి నకలు, కొత్త ప్రొలిఫిక్ డ్రైవర్ దాన్ని ఒప్పుకోవట్లేదు. పాత విండోస్ గెస్ట్‌లో పాత డ్రైవర్ వేసి బండి నడిపేవాళ్లున్నారు. నన్నడిగితే కేబుల్ మార్చేయమంటాను. హోస్ట్ లినక్స్ అయితే ఇంకో మాట: అక్కడి సొంత డ్రైవర్ అవే చిప్‌లని మామూలుగా నడుపుతుంది, కాబట్టి పోర్టు దారిలో గెస్ట్‌కి ఆ తేడాయే తెలియదు.

గెస్ట్‌లో యూఎస్‌బీ కేబుల్ కామ్ 5 గా వచ్చి, సాఫ్ట్‌వేర్ కామ్ 1 నే అడుగుతుంటే, ముందు మెషీన్ సెట్టింగ్స్‌లో వర్చువల్ సీరియల్ పోర్టు ఆఫ్ చేసి, తర్వాత గెస్ట్ డివైస్ మేనేజర్‌లో కేబుల్‌కి కామ్ 1 ఇవ్వండి. పోర్టు 'వాడుకలో ఉంది' అని అంటే పాత కేబుళ్లు వదిలివెళ్లిన గుర్తులే. వ్యూ మెనూలో దాచిన డివైసులు చూపించమని చెప్పి, మసకగా కనిపించే పాత పోర్టుల్ని తీసేయండి.

మోడ్‌బస్ మీటర్లని ఎఫ్‌టీడీఐ కేబుల్‌తో చదివేటప్పుడు అన్నీ పనిచేస్తూనే నెమ్మదిగా ఉంటే, ఆ చిప్‌లో లేటెన్సీ టైమర్ అనేది మామూలుగా 16 మిల్లీ సెకన్లు ఉంటుంది. చిన్న చిన్న జవాబుల్ని అంతసేపు ఆపి పంపుతుంది. విండోస్‌లో పోర్టు అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో దాన్ని తగ్గించొచ్చు. పోర్టు దారిలో ఉంటే హోస్ట్‌లో మార్చాలి, యూఎస్‌బీ దారిలో ఉంటే గెస్ట్‌లో.

రాత్రి బాగున్నది తెల్లారేసరికి చచ్చిపోయి ఉంటే నిద్రే కారణం. హోస్ట్ విండోస్ పవర్ ఆప్షన్స్‌లో స్లీప్ 'నెవర్' చేయండి, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి, డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ హబ్‌ల పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో కరెంటు ఆదా కోసం ఆఫ్ చేయొచ్చన్న టిక్ తీసేయండి. సాయంత్రం మెషీన్ మూసేటప్పుడు సేవ్ స్టేట్ కాకుండా షట్‌డౌన్ చేయమని గుమస్తాగారికి చెప్పి, చేయించి చూపించండి.

అప్పగించే ముందు

హోస్ట్ విండోస్ ఆన్ కాగానే మెషీన్ దానంతటదే లేవాలి. వర్చువల్‌బాక్స్ జాబితాలో మెషీన్ పేరు మీద కుడి బటన్ నొక్కి డెస్క్‌టాప్ షార్ట్‌కట్ చేసుకుని, ఆ షార్ట్‌కట్‌ని స్టార్టప్ ఫోల్డర్లో పెట్టండి. గెస్ట్‌లో కూడా కాటా ప్రోగ్రాం స్టార్టప్‌లో ఉండాలి. ఆ తర్వాత మెషీన్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి ఓవీఏ ఫైలుగా బయటి హార్డ్ డిస్క్‌లో పెట్టి యజమానికి ఇవ్వండి. సీరియల్ పోర్టు పాత్, ఫిల్టర్ ఐడీలు, ఇండికేటర్ స్పీడు, ప్యారిటీ ఒక కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపలివైపు అంటించండి. రేపు నేను కాక ఇంకొకరు వచ్చినా వాళ్లకి పని తెలియాలి.

చివరిగా యూపీఎస్ ఆపి కంప్యూటర్‌కీ ఇండికేటర్‌కీ కరెంటు పూర్తిగా తీసేసి, మళ్లీ ఇవ్వండి. కీబోర్డు ముట్టుకోకుండా చూస్తూ ఉండండి. విండోస్ లేచి, మెషీన్ లేచి, ప్రోగ్రాం తెరుచుకుని, ఖాళీ కాటా మీద సున్నా తెరమీద పడితే పని అయినట్టు. ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో అక్కడికి వెళ్లి సరిచేసి, మళ్లీ కరెంటు తీసి పెట్టండి.